ఏమడిగినా ఇచ్చేవాణ్ణి ఏమడగాలి?

సంగీత కంపెనీల అగ్రిమెంట్లలో ఒక వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. పాట మీద సమస్త హక్కులూ శాశ్వతంగా, విశ్వమంతటా, ఇప్పుడున్న మాధ్యమాల్లోనూ ఇకముందు పుట్టబోయే మాధ్యమాల్లోనూ కంపెనీవే అని దాని సారాంశం. ఇది కవి రాసిన వాక్యం కాదు, వకీలు రాసింది. అయినా చదివినప్పుడల్లా నాకు వామనుడు గుర్తొస్తాడు.

వామనుడు అడిగింది మూడడుగులు. శుక్రాచార్యుడు బలికి వచ్చినవాడెవరో చెప్పాడు, ఆ మూడడుగుల కొలత ఎంతో కూడా చెప్పాడు. బలి విన్నాడు, అర్థం చేసుకున్నాడు, ఆ తరవాతే ధార పోశాడు. పోతన భాగవతంలో ఆ ఘట్టం మనకంత ప్రియమైనది కావడానికి కారణం అదేననుకుంటాను. ఇస్తున్నది ఏమిటో తెలిసి ఇచ్చాడు కాబట్టే అది దానమయింది. పక్కన శుక్రుడు లేని బలిని ఊహించండి. మూడడుగులంటే మూడడుగులేననుకుని చెయ్యి చాచిన బలి. అప్పుడది దానమని ఎవరంటారు? అడిగినవాణ్ణి దేవుడని ఎవరు కొలుస్తారు?

నాకు అరవై దాటాయి. హైదరాబాదులో ఒక చిన్న లేబుల్‌కి లెక్కలూ అగ్రిమెంట్లూ చూస్తుంటాను. నా స్నేహితుడి కూతురు దాన్ని నడుపుతోంది. అపార్ట్‌మెంటులో రెండు గదులు, ఒక రికార్డింగ్ బూత్, అంతే. ఈ ఏడాది ఒక బ్యాండు మా దగ్గరికి వచ్చింది. నలుగురు పిల్లలు, ఇంతవరకు ఏ కంపెనీకీ సంతకం చెయ్యలేదు. సొంతంగా కట్టిన తెలుగు పాటలు పాడతారు. వాళ్ళ పాటలు విన్నాక మాకు ఎంత నచ్చాయో, వాళ్ళతో మాట్లాడాక నాకంత భయం వేసింది. మేము ఏ కాగితం పెట్టినా వాళ్ళు సంతకం చేసేస్తారు. "సార్, మీరు ఎలా అంటే అలా" అన్నాడు పాడే అబ్బాయి. ఆ మాటలో ఎంత నమ్మకముందో అంత బరువుంది.

బేరమంటే సాధారణంగా ఇద్దరూ లాగుతారు, ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అవతలివాడు లాగనప్పుడు ఆగేది ఎక్కడ? ఏమడిగినా ఇచ్చేవాణ్ణి ఏమడగాలి? ఇది వ్యాపార ప్రశ్నలా కనిపిస్తుంది గాని, ధర్మానికి సంబంధించిన ప్రశ్న. నేను చూసినంతలో మన వాళ్ళు ఇచ్చేవాడి ధర్మం గురించి, పుచ్చుకునేవాడి పాత్రత గురించి చాలా ఆలోచించారు. అడిగేవాడి ధర్మం గురించి కథల్లో వెతుక్కోవాలి.

1990లలో నేను విజయవాడలో ఒక ఆడియో క్యాసెట్ల కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. భక్తి పాటలు, జానపదాలు, బుర్రకథలు వేసేవాళ్ళు. గాయకులకి డబ్బిచ్చే పద్ధతికి అక్కడ ఒకటే పేరు, ఔట్‌రైట్. ఒకసారి ఇస్తారు, వోచరు మీద సంతకం తీసుకుంటారు, ఇక ఆ పాటకీ పాడినవాళ్ళకీ సంబంధం లేదు. శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ వచ్చింది. నడివయసు మనిషి, గొంతు కంచులా మోగేది. పాడిన పాటలు కొన్ని వాళ్ళమ్మ దగ్గర నేర్చినవి, కొన్ని తనే కట్టినవి. రికార్డింగ్ అయ్యాక స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేసింది. ఎంత అని అడగలేదు, ఎన్నాళ్ళకి అని అడగలేదు. "అట్ట మీద నా బొమ్మేస్తారేటి బాబూ?" అని మాత్రం అడిగింది. ఆ క్యాసెట్టు ఏళ్ళ తరబడి అమ్ముడుపోయింది. ప్రతి సంక్రాంతికీ మళ్ళీ కాపీలు కొట్టేవాళ్ళు. ఆవిడ పేరు మీద నా పుస్తకాల్లో రెండో పద్దు ఎప్పుడూ రాలేదు.

ఆ కంపెనీ చేసిన పని అప్పటి చట్టానికి విరుద్ధమేమీ కాదు. యజమానిని అడిగితే ఒకటే అనేవాడు: ఇష్టపడే కదా వేలిముద్ర వేసింది.

ఈ "ఇష్టపడే కదా" అన్న వాదాన్ని నేను చాలాకాలం మోశాను. దాన్ని నా మనసులో కూలగొట్టింది ఏకలవ్యుడి కథ. అతను ఏడుస్తూ ఇవ్వలేదు, బెదిరిస్తే ఇవ్వలేదు. బొటనవేలు పోతే విలువిద్య పోతుందని అతనికి తెలియక కాదు. తెలిసీ సంతోషంగా కోసి ఇచ్చాడని భారతం చెబుతుంది. అంగీకారం ఇంతకన్నా స్వచ్ఛంగా ఎక్కడైనా ఉంటుందా? అయినా మన పల్లెల్లో ఆ కథ విన్న ఏ ముసలమ్మా ద్రోణుడు చేసింది న్యాయమని అనదు. ఇచ్చినవాడి మనసు ఎంత నిర్మలంగా ఉన్నా అడిగినవాడి తప్పు మాయం కాదన్నమాట. చెప్పని చదువుకి గురుదక్షిణ, పైగా ఆ చదువు ఇకముందు ఫలించకుండా చేసే దక్షిణ. బలి కథలో ఇచ్చేవాడికి తెలియాలన్న నియమం దొరికితే, ఏకలవ్యుడి కథలో అది చాలదని తెలుస్తుంది. కొన్ని అడగకూడదు. ఇస్తానన్నా అడగకూడదు. ముఖ్యంగా, ఒక మనిషి రేపటి శక్తిని మొత్తంగా అడగకూడదు.

మనుస్మృతిలో నాకు మింగుడుపడనివి చాలా ఉన్నాయి, వాటిని సమర్థించను. కానీ ఎనిమిదో అధ్యాయంలో వ్యవహారాల గురించి చెబుతూ మత్తులో ఉన్నవాడు, మతి చెడినవాడు, ఆర్తుడు, పరాధీనుడు, పసివాడు చేసుకున్న ఒప్పందం చెల్లదని ఒక మాట ఉంది. ఆ జాబితాలో ఆర్తుడు ఉండటం నన్ను ఆపింది. ఆపదలో, అక్కరలో ఉన్నవాడి సంతకం సంతకం కాదని ఆ కాలంలోనే అనుకున్నారు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం అంత దూరం పోదు. అయినా 16వ సెక్షనులో, ఒకడి ఇష్టాన్ని శాసించగల స్థానంలో రెండోవాడుండి ఒప్పందం అన్యాయంగా కనిపిస్తే, ఒత్తిడి లేదని రుజువు చేసుకునే భారం ఆ పైచేయివాడి మీదే పెట్టింది. 25వ సెక్షను వివరణలో, ధర తక్కువైనంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు గాని, అంగీకారం స్వేచ్ఛగా ఇచ్చిందా అని చూసేటప్పుడు ఆ తక్కువ ధరని లెక్కలోకి తీసుకోవచ్చని ఉంది. ఈ మాటల్లో ధర్మం తాలూకు వాసన ఉంది. కోర్టు గుమ్మం దాకా వెళ్ళగలిగినవాళ్ళకి మాత్రమే అది అందుతుందన్నదే నా బాధ.

ఇప్పుడు కంపెనీ పక్షం. దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. ఆ ఖాతాలు నా చేతి రాతలోనే ఉండేవి. స్టూడియో గంటలు, మిక్సింగ్, మాస్టరింగ్, వీడియో, ప్రచారం, అన్నిటికీ ముందు డబ్బు పెట్టేది కంపెనీ. అడ్వాన్స్ అప్పు కాదు. పాట ఆడకపోతే బ్యాండు తిరిగి కట్టక్కర్లేదు, ఆడితేనే వాళ్ళ వాటాలోంచి పట్టుకుంటారు. వేసినవాటిలో ఎక్కువ భాగం ఖర్చు కూడా రాబట్టవు. ఆడిన ఒకటి ఆడనివాటిని మోస్తుంది. అందుకే కంపెనీ ఆప్షన్లు అడుగుతుంది: మొదటి ఆల్బం ఆడితే తరవాతివి మాకే చెయ్యాలి, ఆడకపోతే మేం వదిలేసుకోవచ్చు. పాట బాగుందో లేదో వింటే తెలుస్తుంది. జనం వింటారో లేదో ఎవరికీ తెలియదు. 1962 జనవరి 1న లండన్‌లో డెక్కా కంపెనీ బీటిల్స్ పాటలు విని, వాళ్ళని వద్దనుకుని బ్రయన్ పూల్ అండ్ ద ట్రెమెలోస్‌ని తీసుకుంది. డెక్కావాళ్ళకి సంగీతం తెలియక కాదు. భవిష్యత్తు తెలియక.

అదే ఏడాది ఈఎంఐ సంస్థలో పార్లోఫోన్ లేబుల్ చూసే జార్జ్ మార్టిన్ బీటిల్స్‌ని తీసుకున్నాడు. ఇచ్చిన రాయల్టీ రికార్డుకి ఒక పెన్నీ. అప్పట్లో పౌండుకి 240 పెన్నీలు. ఆ పెన్నీని నలుగురు కుర్రాళ్ళూ మేనేజరు బ్రయన్ ఎప్‌స్టైనూ పంచుకోవాలి. ఏటేటా పావు పెన్నీ పెరుగుతుంది. ఊరూ పేరూ లేని బృందానికి అప్పటి రివాజు ప్రకారం అది పెద్ద అన్యాయమని కూడా అనలేం, ఎందుకంటే ఎవరికీ ఏమీ తెలియదు. నా మనసు ఆగింది దాని తరవాత జరిగినదాని దగ్గర. పాటలు దేశాన్ని ఊపేశాక మార్టిన్ తన పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ రాయల్టీ రెట్టింపు చేద్దామన్నాడట. సరే, బదులుగా మరో అయిదేళ్ళ ఆప్షన్ రాయించుకో అన్నారు పైవాళ్ళు. అలా కాదు, ఏమీ అడక్కుండా ఇద్దామంటున్నాను అన్నాడు మార్టిన్. ఆనాటి నుంచి కంపెనీలో తనని ద్రోహిలా చూశారని ఆత్మకథలో రాసుకున్నాడు. 1965లో ఆయన ఈఎంఐ ఉద్యోగం వదిలేశాడు.

మార్టిన్ చేసింది దయ అని చాలామంది అంటారు. నాకది న్యాయమనే అనిపిస్తుంది. ఏమీ తెలియనప్పుడు రాసిన ధర, అంతా తెలిశాక కూడా ధరగా నిలవడానికి వీల్లేదని ఆయనకి తోచింది. అజ్ఞానంలో ఇద్దరూ సమానంగా ఉన్నారు సరే. ఆ అజ్ఞానం తొలగినప్పుడు వచ్చిన లాభం ఒక్కడికే చేరితే, ఆ సమానత్వం ముందునుంచీ లేనట్టే.

దీనికి రెండో చివర సాలమన్ లిండా ఉన్నాడు. దక్షిణాఫ్రికాలో జులూ గాయకుడు. 1939లో జొహన్నెస్‌బర్గ్‌లోని గాలో స్టూడియోలో తన బృందంతో "ఎంబూబే" అనే పాట రికార్డు చేశాడు. మైకు ముందు నిలబడి అప్పటికప్పుడు అల్లిన ఒక రాగపు తునక అందులో ఉంది. పది షిల్లింగులకి హక్కులు కంపెనీ పరమయ్యాయి. ఆయన అదే కంపెనీలో చిన్న పని చేసుకుని బతికాడు. ఆ రాగం అమెరికా వెళ్ళి 1961లో "ద లయన్ స్లీప్స్ టునైట్"గా మారి లోకమంతా తిరిగింది. 1962లో లిండా పేదవాడిగానే చనిపోయాడు. భార్యకి సమాధి రాయి పెట్టించే స్తోమత కూడా లేదు. 1994లో "లయన్ కింగ్" సినిమాలో మళ్ళీ ఆ పాటే వినిపించింది. చివరికి కూతుళ్ళు దావా వేస్తే 2006లో రాజీ కుదిరింది. వాళ్ళకి ఆధారం దొరికింది ఎక్కడో తెలుసా? 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టంలో. రచయిత హక్కులన్నీ అమ్ముకున్నా, చనిపోయిన 25 ఏళ్ళకి అవి వారసులకి తిరిగి వస్తాయని అందులో ఉంది.

ఆ నిబంధన గురించి చాలా ఆలోచించాను. మనిషి తన రేపటిని చూడలేడు కాబట్టి, రేపటిని శాశ్వతంగా అమ్మే హక్కు అతనికి కూడా లేదని ఆ చట్టం చెబుతున్నట్టు నాకు తోస్తుంది. అమెరికా 1976 చట్టంలోని 203వ సెక్షను, జీతానికి చేసిన రచనలు తప్ప మిగతావి రాసిచ్చిన 35 ఏళ్ళకి రచయిత వెనక్కి తీసుకోవచ్చంటుంది. ఆ హక్కుని వదులుకుంటానని ముందే రాసిచ్చినా చెల్లదు. మన దేశంలో 2012 సవరణ వచ్చింది. పాట రాసినవాళ్ళకీ స్వరపరిచినవాళ్ళకీ రావలసిన సమాన రాయల్టీ వాటాని వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదని అది తేల్చింది. దానికోసం జావేద్ అఖ్తర్ రాజ్యసభలో ఎంత కొట్లాడారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నీ ఇష్టప్రకారం కూడా నువ్వు అమ్ముకోకూడనిది ఒకటుంది అని చట్టం చెప్పడం స్వేచ్ఛకి అడ్డు కాదా అని ఒక యువ మిత్రుడు నన్నడిగాడు. బానిసగా తనని తాను అమ్ముకునే స్వేచ్ఛని మనం ఒప్పుకోం కదా అన్నాను. దాని జాతిదే ఇదీ.

ఇక్కడ మన మతంలోంచి ఒక మాట అడ్డం వస్తుంది, దాన్ని దాటకుండా ముందుకి పోలేను. విజయవాడ రోజుల్లో డబ్బు గురించి కదిపిన కవికి కంపెనీ పెద్దమనిషి ఒకాయన గీత చెప్పేవాడు. పని చెయ్యడం నీ వంతు నాయనా, ఫలం మీద ఆశ పెట్టుకోకు, పాట సరస్వతి, సరస్వతికి వెల కడతావా అని. కవి తల దించుకుని వెళ్ళిపోయేవాడు. భక్తుడైన కవి కాబట్టి మరీ సిగ్గుపడేవాడు. ఇంతకన్నా పెద్ద అపచారం గీతకి ఇంకొకటి ఉండదని నా నమ్మకం. కృష్ణుడు ఆ మాట అర్జునుడికి చెప్పాడు, అర్జునుడి మనసు కోసం చెప్పాడు. అర్జునుడు వదిలిన ఫలాన్ని దుర్యోధనుడు ఏరుకుపోవచ్చని చెప్పలేదు. ఫలత్యాగం అన్నది చేసేవాడి సాధన. ఇంకొకడి చేత ఫలం వదిలించడం సాధన కాదు. ఇతరుల సొత్తుకి ఆశపడవద్దని ఈశావాస్యం మొదటి మంత్రంలోనే చెప్పింది, అది కొనేవాడికి కూడా వర్తిస్తుంది.

త్యాగరాజు తంజావూరు రాజు కానుకల్ని కాదన్నాడని చెప్పుకుంటాం. ఆ కాదనడం ఆయనది. రాజు బలవంతంగా నిష్కాముణ్ణి చెయ్యలేదు, ఆయన కీర్తనల్ని పట్టుకుపోయి తాళం వెయ్యలేదు. శిష్యులు రాసుకున్నారు, పాడారు, ఊరూరా తీసుకెళ్ళారు. కృతిభర్తలైన రాజులు కూడా కావ్యం అంకితం పుచ్చుకుని తమ పేరు అందులో నిలుపుకున్నారే గాని, ఆ కావ్యాన్ని ఇంకెవరూ చదవకూడదని గాని, కవి ఇకపై రాసేవన్నీ తమవేనని గాని అనలేదు. పోతన ఏ రాజుకీ ఇవ్వనన్నాడు, అదీ ఆయన ఇష్టమే. ఇవ్వాలా వద్దా అన్నది పాడేవాడి దగ్గరే ఉన్నంతకాలం త్యాగానికి అర్థముంటుంది.

అయితే ఏమీ రాసుకోకుండా నమ్మకంతో బతకాలా? మాంచెస్టర్‌లో 1978లో మొదలైన ఫ్యాక్టరీ రికార్డ్స్ అలాగే బతికింది. టోనీ విల్సన్ తన బ్యాండ్లతో ఖర్చులు పోను సగం సగం పంచుకున్నాడు, హక్కులన్నీ సంగీతకారులవేనన్నాడు. ఆ మాట తన రక్తంతో రాశాడని చెప్పుకుంటారు. 1992లో కంపెనీ దివాలా తీసింది. దాన్ని కొనబోయిన లండన్ రికార్డ్స్ చివరి నిమిషంలో తెలుసుకున్నదేమిటంటే, న్యూ ఆర్డర్ లాంటి బ్యాండ్ల పాటలు కంపెనీవి కావు, బ్యాండ్లవే. విల్సన్ని వెర్రివాడన్నవాళ్ళు చాలామంది. నేననను. ఫ్యాక్టరీని ముంచింది సగపాలు కాదు, నష్టాల్లో నడిచిన క్లబ్బు, కొత్త భవనం, అదుపు లేని రికార్డింగ్ ఖర్చులు. కానీ రాతకోతలు లేని మంచితనం నాకు చాలదు. మంచి మనిషి పోయాక ఆ కుర్చీలో కూర్చునేవాడి చేతిని పట్టుకునేది కాగితమే.

అందుకని కాగితం రాశాను. మా పల్నాడులో పొలం కౌలుకిచ్చినట్టు రాశాను. కౌలుదారు పెట్టుబడి పెడతాడు, పండించుకుంటాడు, గడువు తీరాక పొలం ఎవరిదో వాళ్ళకి పోతుంది. మాస్టర్లు, అంటే అసలు రికార్డింగులు, బ్యాండువే. మాకు ఏడేళ్ళ లైసెన్సు. మేము పెట్టిన ఖర్చు వచ్చాక చెరి సగం. పాట రాసినవాళ్ళ, కట్టినవాళ్ళ వాటాలు మేము ముట్టుకోం. వాళ్ళ కచేరీల డబ్బులో మాకు పాలు లేదు. తరవాతి ఆల్బం ముందు మాకు వినిపించాలి, ఆపైన వాళ్ళ ఇష్టం. పాట మేము అనుకున్నదానికి మించి ఆడితే ఏడాది తిరిగేసరికి మళ్ళీ కూర్చుని వాటా మార్చుకోవాలని కూడా పెట్టాను. జార్జ్ మార్టిన్ కంపెనీని వేడుకున్నదేదో అది ఎవరూ వేడుకోకుండానే మా కంపెనీ చెయ్యాలని.

"అంకుల్, ఏడేళ్ళలో మన ఖర్చు రాకపోతే?" అంది స్నేహితుడి కూతురు. న్యాయమైన ప్రశ్న. ఆ అమ్మాయి తన పెళ్ళికని దాచిన డబ్బు ఇందులో పెట్టింది. రాకపోతే ఇంకో రెండేళ్ళు పొడిగించేలా రాశాం, అక్కడితో ఆగాం. నష్టానికి ఒక హద్దుంటుంది, కాబట్టి నష్టభయం పేరుతో అడిగేదానికీ హద్దుండాలి. హద్దు లేనిది విశ్వమంతటా, శాశ్వతంగా అన్న ఆ పాత వాక్యం ఒక్కటే. అది మా కాగితంలో లేదు.

ఇంకొకటి కూడా చేశాం. బ్యాండు తరఫున చదివి చెప్పడానికి మాకు సంబంధం లేని ఒక అడ్వకేటుని వాళ్ళే వెతుక్కోమని, ఫీజు మేమిస్తామని అన్నాం. బలికి శుక్రుణ్ణి వెతికిపెట్టాల్సింది వామనుడే అని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తుంది. ఆ అడ్వకేటు మా కాగితంలో రెండు వాక్యాలు కొట్టించింది. కొట్టేశాం.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకి నా విన్నపం. మీ ఎదుట కూర్చున్న కుర్రాడు ఏమడిగినా ఇచ్చేలా ఉంటే, మీరు రాసుకొచ్చినదానిలోంచి ఏదో ఒకటి మీరే తీసెయ్యండి. మొదట గడువు లేని హక్కుని తీసెయ్యండి. పాడే పిల్లలకి ఒక మాట. కాపీరైట్ చట్టం 19వ సెక్షను ప్రకారం, రాసిచ్చిన హక్కుకి గడువు రాయకపోతే అది అయిదేళ్ళే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కాబట్టి ఆ రెండు చోట్లా ఏం రాశారో చూడకుండా సంతకం పెట్టకండి. కాగితం ఇంటికి తీసుకెళ్ళి నలుగురికీ చూపించండి. తీసుకెళ్ళడానికి వీల్లేదన్న ఆఫీసులోంచి లేచి వచ్చేయండి.